యాభై నిమిషాల ప్రయాణం

కట్టుడు పళ్ళు చేసే ఆ ల్యాబులో పంతొమ్మిదేళ్ళుగా మైనం కరిగించి, చిగుళ్ళు దిద్ది, పన్ను పక్కన పన్ను నిలబెట్టిన మనిషిని అందరూ పళ్ళక్క అనే పిలుస్తారు. అలాంటి మనిషి చేతిలో మేనేజరు ఒక కాగితం పెట్టి, సోమవారం నుంచి వేరే నగరంలో, కొత్త బ్రాంచిలో పని అన్నాడు.

"బదిలీకి నేను ఒప్పుకోవాలి కదా సార్?"

"ఇది బదిలీ ఎలా అవుతుందమ్మా? గంటలోపు ప్రయాణమైతే బదిలీ కాదని రూల్సులో ఉంది. విమానంలో యాభై నిమిషాలు! పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేయొచ్చు. మొదటి నెల టికెట్లు మావే."

"రెండో నెల నుంచి?"

"అది నీ ఇష్టం. రాకపోతే మానేసినట్టే రాసుకుంటాం."

అదీ సంగతి. పొమ్మనలేక పొగబెట్టడం అంటే ఇదే. పళ్ళక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. పంతొమ్మిదేళ్ళుగా పాతుకుపోయిన మనిషిని పాలపన్ను లాగినట్టు లాగేస్తాడా! ఇంటికెళ్తే భర్త, "పెద్దవాళ్ళతో మనకెందుకే, సర్దుకుపో" అన్నాడు.

"సర్దుకోడానికి నేనేమన్నా పెట్టెలో బట్టనా?" అంది ఆవిడ.

మర్నాడు మేనేజరు గదిలోకి వెళ్ళింది. "సరే సార్, వస్తా. సోమవారం కొత్త బ్రాంచి ప్రారంభానికి మీరూ వెళ్ళాలిగా? ఇద్దరం ఒకే విమానంలో పోదాం. డ్యూటీ తొమ్మిదింటికి."

"ఓస్, అంతేనా!" ఏడున్నర విమానానికి టికెట్లు తీయించాడు ఆ మహానుభావుడు.

సోమవారం తెల్లారి నాలుగున్నరకు పళ్ళక్క గడప దాటింది. మేనేజరూ అప్పుడే బయల్దేరాడు, లేకపోతే అందదు మరి. ఊరి చివర విమానాశ్రయానికి గంటన్నర. అక్కడ బెల్టు విప్పి, బూట్లు విప్పి, ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని ఆయన వరసలో నిలబడ్డాడు. విమానం పాపం ఠంచనుగా లేచి, యాభై నిమిషాలకు ఠంచనుగా దిగింది. దాన్ని అనడానికేం లేదు. దిగాక బస్సు, ఆ తర్వాత ట్యాక్సీ కోసం వరస, ఆపైన నత్తే నయమనిపించే ట్రాఫిక్కు. కొత్త బ్రాంచి గేటు దగ్గరికి చేరేసరికి పదీ పది.

వాచ్‌మన్ హాజరు పుస్తకం అడ్డంపెట్టాడు. పాత ల్యాబులోనూ ఇలాంటిదే ఉంది; పళ్ళక్క ఎదురుచూస్తున్నది ఆ పుస్తకం కోసమే.

"ఆలస్యమైతే కారణం రాయాలండి. ఎవరైనా సరే. మేనేజరుగారి ఆర్డరు."

"ఆ మేనేజరుని నేనేనయ్యా!"

"అయితే మీకు తెలిసే ఉంటుంది కదండీ" అని పెన్ను అందించాడు.

ఒళ్ళు మండిపోయి మేనేజరు బరబరా గీకేశాడు: 'నాలుగున్నర నుంచి ప్రయాణం. ఐదు గంటల నలభై నిమిషాలు.' పక్కనే సంతకం. పళ్ళక్క దాని కింద 'నాదీ అంతే' అని రాసి, ఫోనుతో ఆ పేజీ ఫొటో తీసుకుంది.

"ఫొటో ఎందుకు?"

"గంటలోపు ప్రయాణమన్నారు కదా సార్. ఎంతో మీరే రాశారు. దీన్నీ, బదిలీకి నేను ఒప్పుకోనన్న కాగితాన్నీ ఓనరుగారికి పంపుతున్నా."

"అదికాదమ్మా, విమానం యాభై నిమిషాలే..."

"ఎగిరింది విమానం సార్. ప్రయాణం చేసింది మనం."

మేనేజరు గబుక్కున పుస్తకం మీదికి చెయ్యి చాపాడు. వాచ్‌మన్ దాన్ని చంకలో పెట్టేసుకున్నాడు. "రాసింది కొట్టేయడం కుదరదండి. అదీ మీ ఆర్డరే."

పళ్ళక్క లోపలికి తొంగి కూడా చూడలేదు. "సాయంత్రం దాకా ఎందుకు సార్, మధ్యాహ్నం విమానానికే నా టికెట్టు మార్చండి. అక్కడ బల్ల మీద పళ్ళ సెట్టు సగంలో వదిలొచ్చాను. రేపు తొమ్మిదింటికి నా కుర్చీలో నేనుంటా."