నిద్రపోయి చూసిన ఇల్లు

ఆదివారం పొద్దున సూర్యాపేటలో బస్సెక్కేసరికే అఖిల కళ్ళు మూతలు పడుతున్నాయి. రాత్రంతా దవాఖానలో డ్యూటీ చేసి వచ్చింది. నర్సుగా ఆమెకక్కడ అది ఆఖరి నెల. హైదరాబాదులో కొత్త కొలువు దొరికింది గానీ, కొలువు దొరికినంత సులువుగా ఇల్లు దొరకలేదు. భర్త బాలాజీ మేళ్లచెరువు నుంచి సిమెంటు లారీ నడుపుతాడు. అతనికి సెలవున్న ఆదివారమల్లా ఇద్దరూ నగరానికి పోయి గల్లీలు తిరగడమే పనైంది.

కిటికీకి తల ఆనించి సగం నిద్రలో ఆమె మళ్లీ ఆ ఇళ్లనే చూసేది. కాదనుకున్నవన్నీ కలిసి ఒకే ఇల్లయ్యేవి. దాని మెట్లెక్కుతుంటే సొంతూరు గరిడేపల్లి పొలాల గట్లు వచ్చేవి. గట్టు దిగితే ఎవరిదో కిటికీ లేని వంటగది. బస్సు కుదుపుకి అన్నీ చెదిరిపోయేవి.

మెలకువలో సంగతి వేరు. కిరాయి అందే ఇంట్లో వెలుతురుండేది కాదు, వెలుతురున్న ఇంటి కిరాయి అందేది కాదు. రెండూ కుదిరిన చోట ఓనరు మీరేంటోళ్లని అడిగేవాడు. లంబాడీలమని చెప్పగానే, ఆ ఇంట్లోకి తమ చుట్టాలే వస్తున్నారన్న సంగతి అతనికి గుర్తొచ్చేది. పోయినసారి బాలాజీ విసిగిపోయి, ఇకమీదట ఆ మాట దాటేద్దామన్నాడు.

ఈ ఆదివారం మధ్యాహ్నం వనస్థలిపురం వెనక గల్లీలో ఒక పాత ఇంటికి టులెట్ బోర్డు కనిపించింది. ఒక గది, వసారా, రేకులు కప్పిన వంటగది. ఓనరు సాయమ్మ వయసు మళ్లిన మనిషి, మిర్యాలగూడ పక్క గొర్లు కాసే ఇంటి నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడ స్థిరపడిందట. ఆమె చెప్పిన కిరాయి వీళ్లకు అందేదే. పక్క గల్లీలో ఇంకో ఇల్లుందని విని, అదీ చూసొస్తానని బాలాజీ వెళ్లాడు. అఖిల గడప దగ్గరే నిలబడి తూలింది.

“ఇల్లు యాడికి పోదు బిడ్డా. ముందుగాల జర పండు,” అంటూ సాయమ్మ ఖాళీ గదిలో చాప పరిచింది.

నేల చల్లగా ఉంది. బయట వాన మొదలైంది. రేకుల మీద చినుకులు నాట్లేసే ఆడవాళ్ల మాటల్లా వినిపించాయి. గోడలు మెల్లగా దూరం జరిగాయి. గదంతా నీళ్లు, నీళ్లలో పచ్చటి నారు. పోయినేడు కన్నుమూసిన తల్లి జమ్లీ వంగి నాటు వేస్తూ, తల ఎత్తకుండానే దూరమైపోతోంది. అఖిల పిలిచింది. తల్లి ఆగలేదు. మళ్లీ పిలిచింది. ఈసారి ఎవరో పలికారు. ఆ పలుకు వినగానే ఆమె కలలు కూడా లేని చోటికి జారిపోయింది.

లేచేసరికి వాన వెలిసింది. ఒంటి మీద ఎవరిదో దుప్పటి. గడపలో కూర్చుని సాయమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. అఖిల లేచి కూర్చుని, బాలాజీ దాటేద్దామన్న మాట తనే చెప్పేసింది.

“అమ్మా, ముందే చెప్తున్న. మేం లంబాడోళ్లం.”

“ఎరుకే. నిద్రల ‘యాడీ’ అని పిలిచినవ్. మీ తండా ఆడోళ్లతోని కలిసి నాట్లేసిన దాన్ని, మీరు అమ్మనేమంటరో నాకు తెల్వదా?” చేతిలోని కాయ తుంచి గిన్నెలో వేసి, చూపు తిప్పుకుంది. “పలికేటోళ్లు లేరాయె. నేనే పలికిన.”

అఖిల కూడా నాలుగు కాయలు తీసుకుని తుంచుతూ, తల్లి గురించి చెప్పసాగింది. సాయమ్మ విన్నది. మధ్యలో నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయనీ, ఎండాకాలం రేకుల కింద వంట కష్టమనీ దాచకుండా చెప్పింది.

బాలాజీ తడిసి వచ్చాడు. అఖిలను పక్కకు పిలిచి, పక్క గల్లీలో ఇల్లు బాగుందన్నాడు. టైల్స్ వేసిన నేల, గాలీ వెలుతురూ. ఆ ఇంటివాళ్లు మీరేంటోళ్లని అడగలేదు, తనూ చెప్పలేదు.

“మరి ఇదెట్లున్నది?”

అఖిల ఆలోచించింది. వంటగదిలో అడుగే పెట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది.

“నేనింకా సూడలే. మంచిగ నిద్రపట్టింది. గీడనే ఉందాం.”

బాలాజీ ఆమె ముఖం వైపు చూసి, సాయమ్మకు అడ్వాన్సు ఇచ్చాడు. పై ఆదివారం సూర్యాపేట నుంచి ట్రాలీలో సామాను దింపుకున్నారు. గది గుమ్మం ఇరుకు. బీరువా పట్టక వసారాలోనే ఉండిపోయింది.