అత్తగారి సంచి

యూనివర్సిటీ గేటు దగ్గర కొత్తగా చేరిన సెక్యూరిటీ అతని ఉద్యోగం ఇంకా గట్టిపడలేదు. ఆర్నెల్లు చూసి ఉంచుకుంటాం అన్నారు. ఇంతలో కొత్త ఆర్డరు వచ్చిపడింది. చెత్తబుట్టలో పడ్డ కాగితం ముక్క దగ్గర్నుంచి ఖాళీ సీసా దాకా అంతా యూనివర్సిటీ సొత్తేనట. గేటు దాటిస్తే దొంగతనం. దాటనిచ్చినవాడు ఇంటికే.

అతను వచ్చేపోయే వాళ్ల సంచులన్నీ విప్పించేవాడు, ఒక్కటి తప్ప. లైబ్రరీ ఊడ్చే ఆవిడ స్వయానా అతనికి పిల్లనిచ్చిన అత్తగారు. పెళ్లయి ఏడాదైనా కాలేదు. "అల్లుడు గారూ" అని తప్ప పిలవని మనిషి సంచిలో చెయ్యెలా పెడతాడు? ఆవిడ గేటు దాటేదాకా మబ్బులకేసి చూస్తూ నిలబడేవాడు.

ఈ సంగతి కనిపెట్టడానికి తోటి పనివాళ్లకి ఎంతోసేపు పట్టలేదు. పాత సామాన్ల కొట్లో అమ్ముకోడానికి ఏరుకున్న అందరి అట్టలూ, సీసాలూ ఆవిడ సంచిలోకే చేరాయి. సంచి రోజురోజుకీ ఒళ్లు చేసింది.

"ఏం వదినా, ఇవాళ కూడా మబ్బులు చూశాడా మీ అల్లుడు?"

"మా అల్లుడు బంగారమే తల్లీ. కాస్త మెడనొప్పి, అంతే."

ఆ సాయంత్రం సూపర్‌వైజర్ వచ్చి గేటు పక్కనే కుర్చీ వేసుకున్నాడు. దూరంగా ముందు సంచి కనబడింది, తర్వాత దాని కింద అత్తగారు. ఇవాళ అల్లుణ్ని మబ్బులు కాపాడవు. విప్పమంటే ఇంట్లో పెళ్లాం మొహం చూడలేడు. వదిలేస్తే రేపట్నుంచి ఈ గేటు మొహం చూడలేడు.

"అత్తయ్యా..." అన్నాడు.

ఆవిడ సూపర్‌వైజర్ని చూసింది. అల్లుణ్ని చూసింది. సంచిని ధబీమని అతని కాళ్ల దగ్గర పడేసింది.

"ఇదిగోండి! అందరి దగ్గరా పోగుచేసి గేటు దగ్గర అప్పజెప్పమన్నారుగా, తెచ్చాను. అత్తగారినన్న జాలైనా లేదు ఈయనకి. విప్పి చూసుకోండి!"

సూపర్‌వైజర్ మురిసిపోయాడు. "భేష్! అత్తగారినే వదల్లేదంటే నువ్వే ఇక్కడ ఉండాల్సినవాడివి. రోజూ ఇలాగే తెప్పించు."

వెనకాల నిలబడ్డ తోటి పనివాళ్లు నోళ్లు నొక్కుకున్నారు.

ఆయన వెళ్లాక అల్లుడు దగ్గరికొచ్చాడు. "అత్తయ్యా, నావల్ల మీకు..."

"ఊరుకోండి అల్లుడు గారూ. మీ ఉద్యోగం పోతే మిమ్మల్నీ, నా కూతుర్నీ నేనే మొయ్యాలి. మీ ఇద్దరికన్నా ఈ అట్టలే తేలిక."