గోధుమ ఎంగిలి

ఎనిమిది కొట్టేసరికే ఆయమ్మ చిన్న బల్లలు ఆరూ తుడవడం అయిపోయింది. అయిదు బల్లలకి పసుపు గుడ్డ, కిటికీ పక్కనున్న ఆరోదానికి ఆకుపచ్చ గుడ్డ. ఆ ఆకుపచ్చ గుడ్డని ఆమె విడిగా ఉతుకుతుంది, విడిగా మేకుకి ఆరేస్తుంది. ఎవరైనా పొరపాటున దాని మీద చేతులు తుడుచుకుంటే మాట్లాడదు. గుడ్డని మళ్ళీ నీళ్ళలో పడేస్తుంది, అంతే. తుడుచుకున్నవాళ్ళకి సిగ్గేసి మళ్ళీ ఆ పని చెయ్యరు.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టి. ఇరవై ఒక్క ఏళ్ళుగా నేల తుడిచే మందునీళ్ళలో నాని, వేళ్ళ కొసలు ఎప్పుడూ స్నానం చేసి వచ్చినట్టు ముడతలు పడి ఉంటాయి. మోకాళ్ళు లేచేటప్పుడు ఒకసారి, కూర్చునేటప్పుడు ఒకసారి చప్పుడు చేస్తాయి. పిల్లలు ఆ చప్పుడు మళ్ళీ చెయ్యమని అడుగుతారు. నీలం ఏప్రానుకి రెండు జేబులు. కుడి జేబులో ముక్కులు తుడిచే గుడ్డపీలికలు. ఎడమ జేబులో, శుభ్రమైన బట్టలో చుట్టి, ఆకుపచ్చ పిడి ఉన్న చిన్న చెంచా. ఆ జేబులోకి ఇంకేదీ వెళ్ళదు.

ఇవాళ సోమవారం. ఆమె పొద్దుటినుంచి మూడుసార్లు గేటు వైపు చూసింది. పిచ్చుక శుక్రవారం బడికి రాలేదు.

పిచ్చుక అంటే నాలుగేళ్ళ పిల్ల. ఆ పేరు ఆయమ్మ పెట్టిందే. మనసుకి నచ్చిన పిల్లకి పిట్ట పేరు పెట్టడం ఆమె అలవాటు. పోయినేడు బళ్ళో చేర్చినప్పుడు ఆ పిల్ల కాళ్ళు పుల్లల్లా, పొట్ట మాత్రం ఊదిన బుడగలా ఉండేది. పదకొండింటికే ఎక్కడ పడితే అక్కడ తల వాల్చేసేది. మూడు నెలలు డాక్టర్ల చుట్టూ తిరిగాక జబ్బు పేరు తెలిసింది, సీలియాక్ అని. గోధుమలో ఉండే జిగురు ఆ పిల్ల పేగుకి పడదు. పడకపోవడమంటే దురదా దద్దురూ కాదు, పేగు లోపలి పొరే పాడైపోతుంది. దానికి మందు లేదు. బతికినన్నాళ్ళూ గోధుమ జోలికి వెళ్ళకపోవడమే మందు.

తల్లి మందుల షాపులో పని చేస్తుంది. నాలుగు పేజీల కాగితం పట్టుకుని వచ్చి ఆఫీసు గదిలో కూర్చుని అందరికీ చెప్పింది. బడి నడిపే మేడమ్ కాగితాన్ని ఫైల్లో పెట్టింది. అప్పటి క్లాసు టీచరు మర్యాదగా అడిగింది.

"ఒక్క ముక్క తింటే ఏమవుతుందండీ?"

"ముక్క దాకా ఎందుకండీ, రొట్టె కోసిన కత్తితో పండు కోసిచ్చినా చాలు. పొడి తగిలినా చాలు" అంది తల్లి. ఎన్ని చోట్ల ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో, గొంతు అప్పటికే అలిసిపోయి ఉంది.

గుమ్మం దగ్గర నేల తుడుస్తున్న ఆయమ్మ తలెత్తింది. "గోధుమ ఎంగిలి పనికిరాదన్నమాట."

తల్లి వెనక్కి తిరిగి చూసింది. నాలుగు పేజీల కాగితం ఒక్క మాటలోకి వచ్చేసింది. "అదే ఆయమ్మా. సరిగ్గా అదే" అని నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఆ రోజునుంచి ఎంగిలి అనే మాటే బడిలో చట్టం. రొట్టె తగిలిన చెంచా ఎంగిలి, ఆ చెంచా మునిగిన నీళ్ళు ఎంగిలి, బిస్కెట్టు పట్టుకున్న చెయ్యి కడుక్కునేదాకా ఎంగిలి. బొమ్మలు చేసుకునే రంగుపిండి కూడా మైదాతో చేసిందే కాబట్టి అదీ ఎంగిలే. ఆయమ్మ బియ్యప్పిండితో విడిగా కలిపింది. అది పెళుసై బొమ్మల చేతులు విరిగిపోతుంటే, కాస్త నూనె వేసి మళ్ళీ పిసికింది. పిల్లలకి కాగితాలూ ఫైళ్ళూ అక్కర్లేదు. ఎవరైనా రొట్టె చేత్తో పిచ్చుక బల్ల ముట్టుకుంటే పదిమంది ఒక్కసారే "ఎంగిలీ" అని అరిచేవాళ్ళు. అయిదు నెలల్లో పిచ్చుక రెండు వేళ్ళ ఎత్తు పెరిగింది. స్టోరు గది తలుపు మీద పెన్సిలు గీతలున్నాయి. ఆయమ్మ రోజూ వాటిని చూసుకుని మురిసేది. తన కష్టం కంటికి కనబడడం ఆ ఇరవై ఒక్క ఏళ్ళలో అదే మొదటిసారి. తుడిచిన నేల సాయంత్రానికి మళ్ళీ మామూలే కదా.

ఇక కొత్త క్లాసు టీచరు. ఆ అమ్మాయి పేరు వసపిట్ట. పేరంటే ఇప్పటి పేరు కాదు, మూడేళ్ళ వయసులో ఇదే బడికి వచ్చినప్పుడు ఆయమ్మ పెట్టింది. నోరు మూసేది కాదు. లాగు తడుపుకుని కూడా కబుర్లు చెప్పేది. ఆ లాగులు ఉతికిన చేతులే మొన్న ఎండాకాలం మేడమ్ ముందు జోడించింది. "మన పిల్లే మేడమ్, నా కళ్ళముందు పెరిగింది. నేను పూచీ" అంది ఆయమ్మ. వసపిట్టకి ఉద్యోగం వచ్చింది. అందరి ముందూ టీచరమ్మా అనీ, ఎవరూ లేనప్పుడు ఏమే అనీ పిలుచుకునేది ఆయమ్మ. ఆ 'ఏమే'లో ఆమెకి చాలా సుఖముండేది.

గురువారం ఒక పిల్ల పుట్టినరోజు. గులాబీరంగు క్రీముతో పెద్ద కేకు వచ్చింది. ఆయమ్మ పిచ్చుక డబ్బా తెరిచి, చెంచా పక్కన పెట్టింది. ఇంతలో ఒకడు బట్టలు పాడుచేసుకున్నాడని పిలుపు. వాణ్ణి కడిగి తెచ్చేసరికి ఎంతసేపని, పావుగంట. వచ్చి చూస్తే పిచ్చుక బుగ్గ మీద కన్నీటి చార ఆరిపోయి ఉంది. ఆకుపచ్చ చెంచాకి గులాబీరంగు క్రీము, అందులో ఆవగింజంత గోధుమరంగు నలుసు.

వసపిట్టని స్టోరు గదిలోకి లాక్కెళ్ళి అడిగింది. "ఏం పెట్టావే దానికి?"

"కేకు పెట్టలేదు ఆయమ్మా, ఒట్టు. పైన క్రీము గీకి ఒక్క చెంచా పెట్టానంతే. అందరూ తింటుంటే ఒక్కతే ఏడుస్తోంది. చూడలేకపోయాను."

"ఆ క్రీము ఎక్కడిదే? కేకు మీదిదేగా. ఎంగిలి కాదూ?"

వసపిట్ట మొహం పాలిపోయింది. అప్పుడుగానీ అర్థం కాలేదు పాపం. దాని గుండె మెత్తనిదే. ఆయమ్మకి ఆ సంగతి తెలుసు కాబట్టే చెయ్యెత్తలేదు.

"పద, వాళ్ళమ్మకి ఫోను చేద్దాం."

"వద్దు ఆయమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా. చేరి మూడు నెలలు కాలేదు, తీసేస్తారు. పిల్లకేమైనా అయితే నేనే చెప్తా. అంతా నామీదే వేసుకుంటా. ఆవగింజంతే కదా, ఏం కాదేమో."

సాయంత్రం గేటు దగ్గర తల్లి రోజూ అడిగే మాటే అడిగింది. "అన్నీ బాగానే తిందా ఆయమ్మా?" ఆయమ్మ రోజూ చెప్పే మాటే చెప్పింది. "తింది." అబద్ధం కాదు. అయినా మూడు రోజులు ఆమెకి అన్నం దిగలేదు.

సోమవారం పదింటికి గేటు చప్పుడైంది. తల్లి పిచ్చుకని ఎత్తుకుని వచ్చింది. ఈమధ్య పరుగెత్తుకొచ్చే పిల్ల ఇవాళ తల్లి భుజం మీంచి తల ఎత్తలేదు. ఆయమ్మని చూసి మాత్రం చెయ్యి చాపింది. తల్లి ఆ చేతిని వెనక్కి తీసుకుంది.

ఆఫీసు గదిలో మూడు కుర్చీల్లో ముగ్గురు కూర్చున్నారు. ఆయమ్మ నిలబడింది.

"మూడు రోజులు కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయిందండీ. నీళ్ళు కూడా ఇమడలేదు. గోధుమ లోపలికి వెళ్ళిందన్నారు డాక్టరు. మా ఇంట్లో ఆ పిండే లేదు" అంది తల్లి. ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది.

మేడమ్ వసపిట్ట వైపు తిరిగింది. "గురువారం పుట్టినరోజు కదా. ఈ పిల్లకి కేకేమైనా పెట్టారా?"

ఆయమ్మ కూడా వసపిట్ట వైపే చూసింది. ఇదిగో ఇప్పుడు చెప్తుంది అనుకుంది. తాను కూడా పక్కన నిలబడి, పసిది మేడమ్, తెలియక చేసింది, క్షమించండి అనాలని మాటలు కూడా సిద్ధం చేసుకుంది.

"కేకు పెట్టలేదండి" అంది వసపిట్ట.

పాము చావకుండా కర్ర విరక్కుండా అంటే ఇదే. నిజమే, కేకు పెట్టలేదు.

మేడమ్ పిచ్చుక ముందుకి వంగింది. "బళ్ళో నీకు తినడానికి ఎవరు పెడతారమ్మా?"

"ఆయమ్మ" అంది పిచ్చుక. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం పిల్ల మొహంలోకి కాస్త వెలుగొచ్చింది. "పచ్చ చెంచాతో. ఆయమ్మ చెంచా."

ముగ్గురూ ఆయమ్మని చూశారు.

"క్రీము పెట్టారు మేడమ్. కేకు మీది క్రీము" అంది ఆయమ్మ. "చెంచాకి అంటుకుని ఉంటే చూశాను."

"చూశావా? గురువారం చూసినదానివి సోమవారం దాకా ఎందుకు చెప్పలేదు?"

ఆయమ్మ నోరు తెరిచి వసపిట్టని చూసింది. నేనే చెప్తానని మాట ఇచ్చింది తను కాదు, ఆ అమ్మాయి. కానీ కట్టుబడింది తను. ఒక్క మాట ఆ కుర్చీలోంచి వస్తే చాలు. ఒకప్పుడు లాగు తడుపుకుని కూడా నోరు మూయని పిల్ల, మెడలో గుర్తింపు కార్డు తాడుని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తరవాత మాట్లాడింది. మాట్లాడకుండా ఉన్నా బాగుండేది.

"ఆయమ్మని ఏమనకండి మేడమ్" అంది, ఎంతో జాలిగా. "పెద్దదైపోయింది. ఈమధ్య కాస్త మరపు వస్తోంది. తప్పు తనది కాదు, మనమే ఎక్కువ బరువు పెట్టాం."

కొట్టినా ఇంత నొప్పి పుట్టదు. ఆ గొంతులోని ప్రేమ నిజమైనదే, అదే ఆయమ్మకి మింగుడుపడలేదు. నన్ను కాపాడుతున్నానని అనుకుంటోంది కాబోలు పిచ్చి మొహం, అనుకుంది. ఇప్పుడు తను ఏం చెప్పినా అది మరపే. స్టోరు గదిలో కాళ్ళు పట్టుకుంటానన్న మాటకి సాక్ష్యం తలుపు మీది పెన్సిలు గీతలు తప్ప ఇంకెవరూ లేరు.

తల్లి లేచింది. "గేటు దగ్గర అడిగాను కదా ఆయమ్మా. తింది అన్నావు."

"అన్నాను."

"అందరికన్నా నిన్నే నమ్మాను."

ఇందాకటి దెబ్బలు వేరేవాళ్ళు కొట్టినవి. ఇది మాత్రం ఆమె సంపాదించుకున్నదే. తలవంచి నేల వైపు చూసింది. పొద్దున తుడిచిన నేల.

మేడమ్ మెల్లగా చెప్పింది. ఇన్నేళ్ళు చేశావు, ఇక ఇంటిపట్టున ఉండి విశ్రాంతి తీసుకో అని. ఇవాళే వెళ్ళొచ్చని. పిచ్చుక డబ్బా సంగతి ఇకనుంచి టీచరే చూసుకుంటుందని. తల్లి సరేనంది. షాపుకి ఆలస్యమైపోతోంది, పిల్లని వసపిట్ట చేతికే ఇచ్చి వెళ్ళింది.

ఆయమ్మ వెంటనే వెళ్ళలేదు. నీళ్ళు పట్టింది. ఆకుపచ్చ గుడ్డ ఇంకోసారి ఉతికి మేకుకి తగిలించింది. ఏప్రాను విప్పి మడిచింది. ఎడమ జేబులోంచి చెంచా తీసి, బట్ట విప్పకుండానే పిచ్చుక డబ్బా మీద పెట్టింది. పిల్లలు అన్నాలకి కూర్చున్నాక వసపిట్ట స్టోరు గదిలోకి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"కోపమా ఆయమ్మా?"

"పచ్చ గుడ్డ పసుపుదాంతో కలపకండి" అంది ఆయమ్మ. "రంగుపిండి ఎండిపోతే నూనె వెయ్యండి, నీళ్ళు కాదు. చెంచా అన్నిటికన్నా ముందు కడిగి, విడిగా పెట్టండి."

"అండీ అంటావేంటి ఆయమ్మా నన్ను?"

"టీచరమ్మగారు కదండీ" అంది ఆయమ్మ. అంత కోపం ఎప్పుడూ రాలేదు ఆమెకి. అది ఆ చివరి 'అండీ'లోంచి బయటికి పోయింది.

వసపిట్ట ఏడుస్తూ నిలబడింది. ఓదార్చడానికి ఆయమ్మ చెయ్యి అలవాటుగా లేవబోయింది. దాన్ని మరో చేత్తో పట్టుకుని ఆపింది.

పిచ్చుక వరండాలోకి వచ్చి అడిగింది. "ఆయమ్మా, ఎక్కడికి?"

"ఇంటికి."

"అన్నం తినేశా."

"మంచి పని చేశావు. చేతులు కడుక్కో."

గేటు దాటాక లోపలినుంచి ఎవరో గడియ వేశారు. వీధిలోంచి వెళ్ళాలంటే వంటగది కిటికీ దాటాలి. ఆయమ్మ దాటబోయి ఆగింది. లోపల అంట్ల తొట్టి సగం నిండి ఉంది. రొట్టె పళ్ళేలు, మిగిలిన బిస్కెట్ల పొడి, నీళ్ళ మీద తేలే తెల్లటి ముక్కలు. చువ్వల మధ్యనుంచి చెయ్యి పెట్టి చూసింది. మూరెడు దూరం, అందలేదు. "టీచరమ్మా" అని పిలిచింది. క్లాసులో పిల్లలు పాట మొదలుపెట్టారు, ఎవరికీ వినబడలేదు.

తొట్టిలో, పాతిక చెంచాల మధ్య, ఆ నీళ్ళలోంచి ఆకుపచ్చ పిడి ఒకటి బయటికి కనిపిస్తోంది.