తిరుపతికెళ్ళని గుండు

నా గుండుకు తిరుపతిని అంటగట్టింది మా కామాక్షమ్మే. నేను కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ననకండి.

అసలు జరిగింది వేరు. నాకు తల మీద అక్కడక్కడా రూపాయి బిళ్ళంత మేర జుట్టు ఊడిపోవడం మొదలైంది. "అంటురోగం కాదు, మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు కలకత్తా డాక్టరు. అంత చదివినవాడు చెప్పే మాటేనా అది! విసుగొచ్చి మిగిలిన నాలుగు వెంట్రుకలూ నేనే గొరిగేసుకున్నాను. మర్నాడు మా తెలుగువాళ్ళుండే కార్పొరేషన్ క్వార్టర్స్ కొళాయి దగ్గర తల మీది కొంగు జారింది. పక్కింటి కామాక్షమ్మ బిందె వదిలేసి దణ్ణం పెట్టింది.

"ఒలమ్మో, తిరపతెల్లొచ్చినావేటే పుష్పా! సెప్పనేదేటి? పెసాదం ఏదీ?"

కాదంటే రోగమని చెప్పాలి. రోగమంటే అమ్మవారి పండక్కి తల మీద ఘటం ఎత్తనివ్వరు. పదకొండేళ్ళుగా ఆ ఘటం నాదే. ఏడాదంతా ఊరి చెత్త ఊడ్చే నాకు, ఆ ఒక్కరోజు అందరూ కాళ్ళ మీద పసుపు నీళ్ళు పోస్తారు. అది పోతే నేను తట్టుకోలేను. అందుకే సందు చివరి మిఠాయి కొట్లో లడ్డూలు కొని పంచిపెట్టాను. కామాక్షమ్మ కళ్ళకద్దుకుని మరీ తింది.

జుట్టు మాత్రం మొలవలేదు. చలికాలమంతా మంకీ టోపీతో నెట్టుకొచ్చాను. కలకత్తాలో చలికి అందరూ పెట్టుకునేదే కాబట్టి టోపీ ఎందుకని ఎవరూ అడగరు, అదొక్కటే ఈ ఊరు నాకు చేసిన మేలు.

ఎండలు ముదిరే వేళకి నా కూతురు లలిత విగ్గు తెచ్చింది. న్యూ టౌన్‌లో బ్యూటీ పార్లర్లో పనిచేస్తుందది. "అమ్మా, మొహం అలా పెట్టకు. ఒక్కసారి చూసుకో" అంది. అద్దంలో చూసుకున్నాను. అబ్బ, నేనే! నాకంటే కాస్త బాగున్న నేను. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి ముక్కు కారింది.

ఆ రోజు నుంచి నా నడకే మారిపోయింది. 'మాషీమా' అంటూ పిన్నమ్మను చేసి పిలిచే చేపలాయన 'దిదీ' అని అక్కను చేసేశాడు. మెడ దాకా ఉన్న జుట్టు చూసి "ఏడుకొండలోడి మయిమ!" అంది కామాక్షమ్మ. నేను సిగ్గులేకుండా తలూపాను.

పండగ రానే వచ్చింది. కామాక్షమ్మ ఘటం అందించబోయింది. నాకు చేతులు రాలేదు. దేవుడి పేరు చెప్పి బొంకిన తల మీద అమ్మవారిని ఎలా మొయ్యను? బోడితలతో ఆ నిజం చచ్చినా చెప్పలేకపోయేదాన్ని. విగ్గు పెట్టుకుని మనిషిలా నిలబడ్డాను కాబట్టి నోరు పెగిలింది.

"కామాక్షమ్మప్పా, నాను తిరపతెల్లనేదు. జబ్బు సేసి ఊడిపోనాది. ఇది విగ్గు." తీసి చూపించాను. డప్పులు ఆగిపోయాయి.

"మరా లడ్డూలు?"

"సందు సివరి కొట్లోవి."

"సిగ్గునేదే నీకు!" అని మొదలెట్టింది. ఆ తిట్లన్నీ ఇక్కడ రాయలేను. చివరికి కొంగుతో కళ్ళొత్తుకుంది. "పక్క గోడకే నానుండగా, ఇన్ని నెల్లూ ఒక్కర్తివీ ఏడిసినావా?"

"జబ్బు మనిషి ఘటం ఎత్తొచ్చా?" అని వెనకనుంచి ఎవరో గొణిగారు. కామాక్షమ్మ ఒక్క చూపు చూసింది.

విగ్గు లాక్కుని జాగ్రత్తగా తన కొంగులో మూటకట్టింది. "ఊరేగింపయ్యాక ఎట్టుకుందువు. పోటోలు తీత్తారు." ఘటం కింద కుదురుకి తువ్వాలు తడిపి చుట్టగా చుట్టింది. చుట్ట ఎక్కడ నిలుస్తుందోనని నా బోడితలను అరచేత్తో మెల్లగా తడిమింది. గొరిగిన రోజు నుంచి ఆ తలను నేను తప్ప ఎవరూ ముట్టుకోలేదు. నేనూ భయంభయంగానే ముట్టుకునేదాన్ని. ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉండిపోయింది.

"ఒంచు తల" అంది.

వంచాను.