కింది ఇంటి మెషిన్

షంషాబాద్ బస్టాండ్ వెనక గల్లీలో కంప్యూటర్లు బాగుచేసే ఆకిఫ్‌కు తన పనితనం మీద మహా నమ్మకం. ఎంత పాడైన మెషినైనా తన ముందు పావుగంటకు మించి మొండికేయదని నలుగురిలో చెప్పుకునేవాడు. అలాంటివాడు ఆ మధ్యాహ్నం జగదీశ్ ఇంటి కింది వాటాలో రెండు గంటలు కూర్చున్నా వైఫై కలవలేదు. మిడిసిపాటుకు మంచి శాస్తే జరిగింది.

కింది వాటాలో ఉండేది జగదీశ్ వదిన అమృతమ్మ. భర్త పోయాక కూతురు సుమలతతో మరిది పంచనే ఉంటోంది. ఆ ఏడు ఇంజనీరింగ్ ఎంట్రెన్స్‌లో సుమలతకు మంచి ర్యాంకు వచ్చింది. అదే పరీక్ష రాసిన జగదీశ్ కొడుకు చాలా వెనకబడ్డాడు. ఇక కావలసిన కాలేజీలను ఇంటర్నెట్‌లో వరుసగా నింపాలి. సుమలత ర్యాంకు వాళ్లకు ఆ సాయంత్రం ఐదింటితో గడువు ఆఖరు. యాభై రెండు కాలేజీల కోడ్‌లు నోట్‌బుక్కులో రాసుకుని ఆ పిల్ల ఆకిఫ్ వెనకే నిలబడింది.

మూడు రోజుల కిందటి దాకా పై అంతస్తులో జగదీశ్ వాటాలోని రౌటర్ నుంచే కిందికి నెట్ వచ్చేది. ఎవరో దొంగచాటుగా వాడుకుంటున్నారని జగదీశ్ పిలిపిస్తే, ఆకిఫే వచ్చి పాత లాక్ తీసేసి, గట్టిదని డబ్ల్యూపీఏ టూ పెట్టి, పాస్‌వర్డ్ మార్చి వెళ్లాడు. అప్పటి నుంచి కింద నెట్ లేదు. పిల్ల రోజూ అడగడం, రేపొస్తాడులే అని జగదీశ్ అనడం. తీరా ఆకిఫ్‌కు ఫోన్ వచ్చింది ఆ రోజు మధ్యాహ్నమే.

తప్పంతా కొత్త లాక్‌దేనని ఆకిఫ్ అనుకున్నాడు. మెషినేమో పాత విండోస్ ఎక్స్‌పీది. దానికి ఆ లాక్ తెలియదేమోనని పెన్‌డ్రైవ్‌లో ప్యాచ్ తెచ్చి ఎక్కించాడు. వైఫై డాంగిల్‌కు కొత్త డ్రైవర్ వేశాడు. పాస్‌వర్డును ఒక్కో అక్షరమే పైకి చదువుతూ ఐదుసార్లు కొట్టాడు. కలిసినట్టే కలిసి తెగిపోతోంది.

“అన్నా, నేను నెట్ సెంటర్‌కు పోత,” అంది సుమలత.

అప్పుడే మెట్లు దిగి వచ్చిన జగదీశ్ విన్నాడు. “ఆడ లైన్ రోడ్డు దాంక ఉన్నది బిడ్డా. ఇంట్ల నెట్ పెట్టుకొని ఆడ నిలబడుడు ఏంది? జర ఓపిక పట్టు, ఆకిఫ్ చేస్తడు.”

“పోనీ పైన మన అన్న కంప్యూటర్ల చేసుకుంట చిన్నబాపూ.”

“వాడు అర్రకు తాళమేసుకొని దోస్తుల కాడికి పోయిండు,” అన్నాడు జగదీశ్. అందరికీ చాయ్ చెప్పి, తను సిగరెట్లకని బయటికి నడిచాడు.

నాలుగున్నర కావస్తోంది. రౌటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేద్దామని ఆకిఫ్ పైకెక్కాడు. కొడుకు గదికి తాళం లేదు. కంప్యూటర్ ఆన్‌లోనే ఉంది, నెట్ పరుగెడుతోంది. ఆకిఫ్ అందులోనే రౌటర్ పేజీ తెరిచాడు. నెట్ అందకుండా ఆపేసిన మెషిన్ల వరుసలో ఒకే ఒక్క పేరుంది: కింది ఇల్లు.

ఆ పేరు రాసింది ఆకిఫే. లాక్ మార్చిన రోజు, కనిపించే ప్రతి మెషిన్ పక్కన అది ఎవరిదో రాసిపెట్టమన్నాడు జగదీశ్. “దొంగది దొరికితే నేనే ఆపుకుంట, ఎట్లనో చూపియ్,” అన్నాడు. పొరపాటున పిల్లది ఆగిపోకూడదని ఆకిఫ్ దానికే ముందు పేరు పెట్టి, ఆపడం ఎలాగో రెండుసార్లు చేసి చూపించాడు. ఆ పిల్ల సీటు ఆగితే అది కొడుక్కు వస్తుందని కూడా కాదు; తన పంచన ఉన్న పిల్ల తన కొడుకును దాటిపోతుంటే చూడలేక జగదీశ్ చేసిన పని.

పేరు తీసేసి వెనక్కి తిరిగితే గుమ్మంలో జగదీశ్.

“చెయ్యి తగిలి ఒత్తుకున్నది కావచ్చు,” అన్నాడు తాపీగా. “కింద చెప్పకు, ఇంట్ల పరేషాన్ ఎందుకు? ఈ కాలనీల పది ఇండ్లు నీకు చూపిచ్చింది నేనే కదా.”

ఆ పది ఇళ్లూ ఆకిఫ్ కళ్ల ముందు తిరిగాయి.

కింద నెట్ కలిసింది. సైట్ మాత్రం నత్తలా కదిలింది. ఐదయ్యేసరికి తొమ్మిది కోడ్‌లే పడ్డాయి. అందరిలాగే ఆ పిల్ల కూడా వస్తాయో రావో తెలియని పెద్ద కాలేజీలను ముందు రాసుకుంది. తప్పకుండా వచ్చేవన్నీ నోట్‌బుక్కులో కిందనే ఉండిపోయాయి. సీట్ల జాబితా వచ్చినరోజు ఆమె పేరు ఎక్కడా లేదు.

ఆ తర్వాతి వారం జగదీశ్ కొడుకు కొత్త లాప్‌టాప్‌కు నెట్ పెట్టడానికి ఆకిఫ్ వెళ్లాడు. వాకిట్లో అమృతమ్మ అడ్డం వచ్చింది.

“పని రాకుంటే రాదని చెప్పాలె బిడ్డా. నా పిల్ల ఏడాది తిన్నవు.”

ఆకిఫ్ తల వంచుకుని విన్నాడు. ఆమె లోపలికి వెళ్లాక, బట్టలారేస్తున్న సుమలత దగ్గరికి వచ్చింది.

“అన్నా, ఆ రోజు ఏమైండె?”

“సిగ్నల్ లేకుండె చెల్లే.”

“సిగ్నల్ అయితే, మీరు పైకి పోంగనే ఎట్లొచ్చింది?”

ఆకిఫ్ మెట్ల వైపు తిరిగాడు.

“నాకు ఎరుకనే. మీరన్నా చెప్తరేమో అనుకున్న,” అని ఆ పిల్ల ఖాళీ బకెట్ తీసుకుని వెళ్లిపోయింది.

పైనుంచి జగదీశ్ పిలిచాడు. ఆకిఫ్ మెట్లెక్కాడు.