హవల్దార్ ముంగిస మెడల్స్

పంజాగుట్ట సందులో ఆ అపార్ట్‌మెంట్‌కు రాజనర్సయ్య కాపలాకు కుదిరి మూడేళ్లయింది. అంతకు ముందు ఇరవై నాలుగేళ్లు మిలిటరీలో చేసి హవల్దారుగా రిటైరయ్యాడు. మాజీ సైనికుడని తెలిసే అసోసియేషన్ వాళ్లు ఏరికోరి పెట్టుకున్నారు. ఆయన కూడా ఆ మాట పోనివ్వలేదు. గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో వెన్ను ఆనించకుండా కూర్చునేవాడు. లోపలికి పోయే ప్రతివాడి చేతా పేరూ, టైమూ పుస్తకంలో రాయించేవాడు. అసోసియేషన్ ప్రెసిడెంట్ రాఘవయ్య గారి తమ్ముడు మామిడిపళ్ల బుట్ట తెస్తే, దానికీ మూత తీయించి చూశాడని పేరుంది.

అలాంటి మనిషికి మూడో అంతస్తులో ఉండే ధాత్రి మీద అనుమానం పడింది.

ధాత్రి మైత్రీవనంలో యానిమేషన్ నేర్చుకుంటోంది. వాళ్లది కాకినాడ వైపు. తల్లి ఉదయలక్ష్మి బ్యాంకులో పనిచేస్తుంది. మొన్నమొన్నటి దాకా ఆ పిల్ల చెవుల్లో ఏదో పెట్టుకుని, గేటు దగ్గర మనిషున్నాడన్న స్పృహ కూడా లేకుండా వెళ్లిపోయేది. ఇప్పుడు ఆగి మరీ మాట్లాడుతోంది. అదీ ఒక్క యూనిఫాం సంగతే.

"అంకుల్, హవల్దార్‌కి చొక్కా చేతి మీద పట్టీలు ఎన్ని?"

"మూడు."

"రెండు చేతులకీనా?"

"కుడి చేతికే, బేటా."

మర్నాడు బెల్టు గురించి అడిగింది. ఆ మర్నాడు పేరు రాసిన బిళ్ల ఏ జేబు మీద ఉంటుందని. టోపీ మీది గుర్తు ఏ కంటి పైకి రావాలని. ఒకరోజు ఆలివ్ రంగు గుడ్డ ముక్కలు నాలుగు తెచ్చి ఎండలో గోడ మీద పరిచి, "వీటిలో అచ్చంగా మీ యూనిఫాం రంగు ఏది అంకుల్?" అంది.

రాజనర్సయ్య గుడ్డలు ముట్టుకోలేదు. "గివన్నీ నీకెందుకు బేటా?"

"బొమ్మ కోసం. ముంగిస బొమ్మ."

"ముంగిసకు యూనిఫామా?"

"కార్టూన్ అంకుల్! ముంగిసల పటాలం ఉంటుంది. దాన్ని ఇష్టపడేవాళ్లం అందరం ఒక గ్రూపు పెట్టుకుని బొమ్మలు వేస్తాం. గుండీ తేడా వచ్చినా చంపేస్తారు. ఈసారి ఎగ్జిబిషన్ ఉంది, మంచివి పెద్దగా ప్రింట్ తీసి పెడతారు."

"గ్రూపుల ఎవరెవరున్నరు?"

"చాలామంది. పుణె, గువాహటి... నాకూ తెలీదు. ఎవరి మొహాలూ చూడలేదు. అందరివీ దొంగపేర్లే" అని నవ్వింది.

ఆమె నవ్వింది గానీ ఆయనకు ముచ్చెమటలు పోశాయి. మొహం తెలియనివాళ్లు, దొంగపేర్లు, పైగా అడిగేది పటాలం సంగతులు. సర్వీసులో ఉండగా ఏడాదికి రెండుసార్లు కూర్చోబెట్టి చెప్పిన పాఠమే ఇది. తియ్యగా మాట్లాడే ఆడపిల్లను ముందు పెడతారనీ, చిన్నచిన్న సంగతులతో మొదలుపెడతారనీ చెప్పేవారు. ఇవాళ రంగు అడిగినవాడు రేపు ఆ రంగుతోనే యూనిఫాం కుట్టించుకుని ఏ క్యాంపు గేటులోకో నడిచిపోతే?

అమీర్‌పేటలో తన గదికి వెళ్లి అన్నం ముందు కూర్చున్నా ఇదే ఆలోచన. భార్య లచ్చమ్మ అడిగి అడిగి చెప్పించుకుంది. విని పెదవి విరిచింది.

"బొమ్మలేస్తనని పొల్ల చెప్తనే ఉన్నది గదనయ్యా. ఏసుకోనీ."

"ముంగిసకు నాలుగు రకాల బట్టెందుకే?"

"నీకు వంకాయ తొడిమ సుత తుపాకి లెక్కనే కనవడ్తది. మామిడిపండ్ల గంపల బాంబు దేవులాడినోనివి నువ్వు."

"నీకేం దెల్సు. జర సప్పుడు చెయ్యకు."

పూర్వం వాళ్ల సుబేదారు ఒక ఉపాయం చెప్పేవాడు. మనిషి మీద అనుమానముంటే కొట్టకు, తిట్టకు. ఒక్క తప్పు సంగతి చెవిన వెయ్యి. ఆ తప్పు ఎక్కడ తేలుతుందో అక్కడే నీ దొంగ ఉంటాడు. ఆ ఉపాయం రాజనర్సయ్య ఇంతవరకు వాడింది లేదు. మర్నాడు పొద్దున్నే ధాత్రి వచ్చి, మెడల్స్ ఎటువైపు పెట్టుకుంటారని అడిగింది.

"కుడి దిక్కు" అన్నాడు, రెప్ప వేయకుండా.

ఏ సిపాయి అయినా తన మెడల్స్ ఎడమ రొమ్ము మీదే పెట్టుకుంటాడు. కుడివైపు పెట్టుకునేది చనిపోయినవాడి కొడుకో, భార్యో. అవి తమవి కావు, తమ మనిషివి అని చెప్పడానికి. అది తెలియని సిపాయి ఉండడు. ధాత్రి మాత్రం "థాంక్యూ అంకుల్!" అని చేతి మీద రాసుకుని బస్సుకు పరిగెత్తింది.

అయిదు రోజులు ఆయన కాపు కాశాడు. ఎవరొచ్చినా ముందు రొమ్ము వైపు చూశాడు. ఏమీ తేలలేదు. రెండు రోజుల నుంచి ధాత్రి కిందికే రావడం లేదు.

శనివారం పదకొండింటికి ఉదయలక్ష్మి ఫోన్ పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది.

"నర్సయ్య గారూ, ఇది ఒకసారి చూడండి."

ఫోనులో ఒక ముంగిస నిటారుగా నిలబడి ఉంది. మూడు పట్టీలు, బెల్టు, టోపీ, అన్నీ ఉన్నాయి. మూతి మీద గుబురు మీసం, ఎడమ కొస కాస్త వంగి. ఆ మీసం ఎవరిదో అద్దం అక్కర్లేకుండానే ఆయనకు తెలిసింది. మెడల్స్ కుడివైపు ఉన్నాయి.

"మా అమ్మాయి మూడు వారాలు కూర్చుని వేసిందండీ. మిమ్మల్ని చూసే వేసింది. వాళ్ల గ్రూపులో ఎవరో మిలిటరీ ఆయన కొడుకట, ఈ హవల్దార్ ఎవరివో మెడల్స్ పెట్టుకు తిరిగే దొంగ అన్నాడు. ఇక అందరూ అందుకున్నారు. ఇది ఊరుకోవచ్చుగా? నాకు చెప్పింది నిజమైన హవల్దారే, తప్పు చెప్పరు అని మీ తరఫున వాదనకి దిగింది. అయితే మీ హవల్దారే నకిలీ అన్నారు. సాయంత్రం అయిదులోగా సరిచేసి పంపకపోతే ఎగ్జిబిషన్లోంచి తీసేస్తారట. అయినా సరే, మార్చనంటోంది."



ఉదయలక్ష్మి ఒక అడుగు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "ఏమీ అనుకోకండి. మీరు నిజంగా మిలిటరీలో చేశారా? రాఘవయ్య గారి చెవిన కూడా పడింది. కాగితాలు సరిగ్గా చూశామా అంటున్నారు."

ఆయన చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, మాజీ సైనికుల కార్డు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె ఫొటో చూసింది, ఆయన మొహం చూసింది, మళ్లీ ఫొటో చూసింది. అప్పుడు ఊపిరి తీసుకుంది.

"హమ్మయ్య. మర్చిపోయి ఉంటారు, అంతేగా?"

అవునంటే సరిపోయేది. మర్చిపోయిన ముసలి సిపాయిని ఎవరూ ఏమీ అనరు. కానీ ఆ పిల్ల పైన కూర్చుని, ఈయన తప్పు చెప్పడని మొహం తెలియనివాళ్లతో పోట్లాడుతోంది.

"మర్చిపోలే మేడం. తెలిసే తప్పు చెప్పిన. బిడ్డను జర పిలువుండ్రి."

ధాత్రి దిగి వచ్చింది, తల కూడా దువ్వుకోకుండా. ఆయన నిలబడే అంతా చెప్పాడు. గుడ్డ ముక్కలు, దొంగపేర్లు, సుబేదారు ఉపాయం, ఏదీ దాచలేదు. వింటూ వింటూ ధాత్రికి నవ్వొచ్చింది.

"నేను గూఢచారినా అంకుల్? ముంగిస బొమ్మ వేసుకుంటూనా?"

"నా బుద్ధి గట్ల పోయింది బేటా."

"ఇంట్లో పిల్లని పట్టుకుని ఇలా అనుకుంటారా ఎవరైనా?" ఉదయలక్ష్మి మొహం ఎర్రబడింది. "రాఘవయ్య గారికి నేనేం చెప్పాలి ఇప్పుడు?"

"ఉన్నదున్నట్టు చెప్పుండ్రి మేడం."

ధాత్రి నవ్వు అప్పటికే ఆగిపోయింది. "మరి మిగతావి?" అంది.

"మిగతాయన్నీ నిజాలే బేటా. గా ఒక్కటే."

"అప్పుడు కూడా ఇలాగే చెప్పారు. మీ మొహంలో ఏం తేడా లేదు."



ఆమె పైకి వెళ్లి బొమ్మలు వేసుకునే పలక తెచ్చుకుని మెట్ల మీద కూర్చుంది. మెడల్స్ చెరిపి ఎడమవైపు వేసింది. తర్వాత బొమ్మ పై నుంచి ఒక్కొక్కటీ అడగడం మొదలుపెట్టింది.

"టోపీ మీది గుర్తు?"

"ఎడమ కంటి మీదికి."

ఆమె ఫోన్ తీసి వెతికింది. సరిపోయింది.

"పట్టీల మొన?"

"కిందికి."

మళ్లీ వెతికింది. సరిపోయింది. పేరు బిళ్ల అడిగింది. కుడి జేబు మీద అన్నాడు. సరిపోయింది. ఆయన చేతులు పక్కలకు ఆనించి, మడమలు కలిపి నిలబడ్డాడు. గేటు బయట డెలివరీ మనిషి హారన్ కొడుతున్నా కదల్లేదు.

"బెల్టు?" అంది ధాత్రి. ఆయన నోరు తెరిచేలోపే ఫోన్ మీద వేలు కదిలించడం మొదలుపెట్టింది.