బొట్టు లేని పుస్తకం

నేను ఒక స్పానిష్ వ్యాకరణ పుస్తకాన్ని. ఢిల్లీలో అచ్చయ్యాను. ఒక ప్రొఫెసర్ గారు ముచ్చటపడి కొని, అలమరలో పెట్టి మరిచిపోయారు. తర్వాత కోఠి ఫుట్‌పాత్. అక్కణ్నుంచి మంజరి చేతిలో పడి కూకట్‌పల్లి ఫ్లాటుకొచ్చాను.

మంజరి ఆఫీసులో వీడియో పరీక్ష పెట్టారు. స్పానిష్ మాట్లాడి నెగ్గాలి, లేకపోతే ఉద్యోగం ఊడుతుంది. ఆ భాషలో కుర్చీకీ కంచానికీ కూడా ఆడా మగా ఉంది. దాన్నిబట్టే ముందొచ్చే చిన్న మాటా, వర్ణించే మాటా మారతాయి. ఒకటి రెండైతే అన్నీ కలిసి మారతాయి. ఇదంతా నలభై పేజీల్లో ఎంత చక్కగా చెప్పాను! ఆ పిల్ల మూడో పేజీకే ఆవలించి, ఇంట్లో సామానుకంతా పేర్ల చీటీలు అంటించింది.

అప్పుడు దాపురించింది వాళ్ల అత్తగారు వరాలమ్మ. సంగతంతా విని, "అయితే ఆడవాటికి బొట్టు పెడతానుండు" అంటూ కుంకుమభరిణ తెచ్చింది. కుర్చీకి, బల్లకి, చెంచాకి, కిటికీకి, ఆడవాటి చీటీలన్నిటికీ బొట్టు. నేనేమో మగ. కాలు విరిగిన కుర్చీకి బొట్టు ఉందండీ, నాకు లేదు! ఒళ్లు మండిపోయింది.

ఇక రోజూ పోపు వేస్తూ మొదలెట్టేది.

"కంచం?"

"మగ, అత్తయ్యా."

"కడిగిన చెంచాలు నాలుగున్నాయి. ఎలా అంటావ్?"

మంజరి తడబడితే, "నాలుగు చెంచాలుంటే ఒక్కదాన్నే కడిగి ఊరుకుంటామా? అన్ని మాటలూ మార్చు!" అనేది.

ఐదో తరగతి చదివిన మనిషి! నేను నలభై పేజీల్లో ఎక్కించలేనిది గరిటె తిప్పుతూ ఎక్కించేసింది. కుళ్లుకోనా మరి?

పరీక్ష రోజు పొద్దున్నే వరాలమ్మ, "కెమెరాలో ఇల్లు కనపడుతుందిట, పరువు పోతుంది" అంటూ చీటీలన్నీ పీకేసింది. లోలోపల గంతులేశాను. ఇక చచ్చినట్టు నా దగ్గరికే రావాలి! మంజరి వచ్చింది. లాప్‌టాప్ ఎత్తు చాలక నన్ను దాని కింద పెట్టింది.

గదిని వర్ణించమన్నారు. మంజరి కుర్చీ వైపు చూసింది, చీటీ లేదు. కళ్లు మూసుకుని, అత్తగారి బొట్లు తలుచుకుందేమో, మొదలెట్టింది. కుర్చీలు, కిటికీలు, కడిగిన కంచాలు... ఒక్క తప్పు లేదు. ఎవరు నేర్పారని అడిగితే, "మా అత్తయ్య" అంది. కిందే ఉన్నాను కదమ్మా, నా ఊసే ఎత్తలేదు!

ఉద్యోగం నిలిచింది. సాయంత్రం నన్ను అటకెక్కించబోతుంటే వరాలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"దాన్ని నాకియ్యవే. రోజుకో పేజీ చదివి చెబుదువుగాని."

"పరీక్ష అయిపోయిందిగా అత్తయ్యా?"

"నాకు పరీక్షేవిటే? బావుంది, అందుకు."

బావుందిట. ఇన్నేళ్లలో నన్ను ఆ మాట అన్న మొదటి మనిషి. ఈవిణ్నా నేను ఇన్నాళ్లూ తిట్టుకున్నది?

కొంగుతో నా అట్ట తుడిచి, ఒళ్లో పెట్టుకుని, "మొదటి పేజీ నుంచి చెప్పు" అంది.